తళుకు మాటల తారతమ్యము

ఇంగ్లీషు బాగుగా చదువుకొన్న తెలుగువాడొకడు ఆ భాషలో ఒక పెండ్లిపందిరిని వర్ణింపబూనినాడనుకొందము. ఆ పందిటిలో థర్మోకోలు స్తంభములకు బంగారు రంగు పూసి నిలిపినారు. వాని చుట్టును ఊదా, ఆకుపచ్చ, గులాబి వన్నెల సీరియల్ లైట్లు క్షణమునకొకమారు ఆరుచు వెలుగుచు నున్నవి. ద్వారమునకు గుత్తులు గుత్తులుగా వ్రేలాడదీసిన ప్లాస్టిక్ గులాబీల రేకుల అంచులు ఎన్ని పెండ్లిండ్లు చూచినవో గాని మాసి, దారములు బయటపడినవి. వేదిక వెనుక రెండు నిలువుల ఎత్తున వధూవరుల చిత్తరువు, దాని క్రింద విచ్చేసిన ప్రముఖుల బిరుదులతో గూడిన పేళ్లు. ఇదంతయు చూచి మనస్సు చివుక్కుమన్న మన మిత్రుడు, ఆ చివుక్కుమనుటను ఒక్క విశేషణమున ఇమిడ్చవలెనని యెంచి నిఘంటువు విప్పెనేని, 'గాడీ', 'గ్యారిష్', 'టాడ్రీ', 'ట్యాకీ', 'ఫ్లాషీ', 'ఆస్టెంటేషస్', 'మెరెట్రిషస్' అను మాటలు వరుసగా ఎదుట నిలుచును. వానికి ఎదురుగా తెలుగున తరచుగా కనబడునవి 'ఆడంబరమైన', 'డాబుసరియైన' అను రెండు అర్థములే. అన్నింటికిని అర్థ మొక్కటియే గదా యని అతడు చెవికింపైన దానిని ఏరి వ్రాయును. ఆ యేరుటలోనే తప్పు జరుగుచున్నదని నా అభిప్రాయము.

పొగడ్తమాటను కొంచెము అటునిటుగా వాడినను ఎవరికిని నష్టము లేదు. నిందామాట అట్టిది గాదు. పైని చెప్పిన మాటలలో ప్రతిదియు ఒక వస్తువుపైననో, దానిని చేసినవానిపైననో, కొనినవానిపైననో ఒక నిర్దిష్టమైన నేరము మోపుచున్నది. ఒకటి రంగును తప్పుపట్టును, ఒకటి సరకును, ఒకటి మనిషి ఉద్దేశమును. జరిగిన తప్పొకటి, మోపిన నేరము మరియొకటి అయినచో, అభిరుచిని గూర్చి తీర్పు చెప్పుటకు కూర్చున్నవాడే అన్యాయము చేసినవాడగును.

పర్యాయపదముల నడుమనుండు సన్నని గీతలను కనిపెట్టుటకు ఆంగ్లేయులు చాల కాలమునుండి శ్రమపడినారు. డాక్టరు జాన్సన్ మిత్రురాలైన హెస్టర్ పియోజీ 1794లో ఈ విషయముననే ఒక గ్రంథము ప్రకటించెను. 1816లో జార్జి క్రాబ్ మరింత విపులమైన దానిని వెలువరించెను. 1852లో వైద్యుడైన రోజెట్ తన సుప్రసిద్ధమైన కోశమున ఇట్టి మాటలను గుంపులు గుంపులుగా ఒకచోట చేర్చెను గాని, భేదములు చెప్పు పని పెట్టుకొనలేదు. భాష తెలిసి మాట మరచినవానికి రోజెట్ పరమోపకారి. భాషను ఇంకను నేర్చుకొనుచున్నవాడు ఆ గుంపులోనుండి చేతికందిన దానిని లాగినచో ప్రమాదము తప్పదు.

మొదట 'గాడీ' సంగతి చూతము. సంతోషించుట యను అర్థముగల లాటిను ధాతువు దీనికి మూలమని పండితులు చెప్పుదురు. ఆక్స్‌ఫర్డు కళాశాలలలో పూర్వవిద్యార్థులను పిలిచి చేయు విందునకు నేటికిని 'గాడీ' యనియే పేరు. నిందార్థమున వాడునప్పుడు సయితము ఈ మాట అడుగున ఆ పూర్వపు ఉల్లాసము కొంత మిగిలియే యున్నది. ఇక్కడి దోషము అతిశయము: రంగులు ఎక్కువైనవి, కుచ్చులు ఎక్కువైనవి, చాలుననవలసిన చోట చేయి ఆగలేదు. షేక్స్‌పియరు 'హామ్లెట్' నాటకమున పొలోనియస్ అను వృద్ధమంత్రి, ఫ్రాన్సుదేశమునకు ప్రయాణమగుచున్న కొడుకునకు బుద్ధులు గరపుచు, చేతిలోని సొమ్ము అనుమతించినంత వెలగల దుస్తులు ధరింపవచ్చుననియు, అవి గాడీగా మాత్రము ఉండరాదనియు హెచ్చరించును. దీనినిబట్టి వస్తువు చవకయా ప్రియమా అన్న ప్రశ్నకును ఈ దోషమునకును సంబంధము లేదని తెలియుచున్నది. వేయి వరహాల పట్టుచీరయు గాడీ కావచ్చును.

'గ్యారిష్' అనునది కంటికి సంబంధించిన ఫిర్యాదు. కన్నార్పక తేరిచూచుట యను అర్థముగల ఒక పాత క్రియనుండి ఇది పుట్టియుండవచ్చునని నిఘంటుకారుల ఊహ. కన్ను జిగేలుమని, చూడలేక ప్రక్కకు తిప్పుకొనవలసివచ్చు వెలుతురునకును, పొసగని ముదురు రంగుల కలయికకును ఈ మాట తగును. షేక్స్‌పియరు జూలియెట్, ప్రియుని రాకకై రాత్రిని పిలుచుచు, పగటి సూర్యునికి ఈ విశేషణమునే తగిలించినది. 1833లో జాన్ హెన్రీ న్యూమన్, సిసిలీ ద్వీపమున జ్వరపడి లేచి ఓడపై ఇంటిదారి పట్టిన దినములలో, వెలుగును దారి చూపుమని వేడుకొనుచు వ్రాసిన ప్రార్థనాగీతమున, తాను పూర్వము గర్వముతో మెచ్చుకొనిన పట్టపగలును గూర్చి ఈ మాటనే వాడెను. మహాత్మాగాంధీ మిక్కిలి ప్రీతితో పాడించుకొనిన గీతములలో అది యొకటి. నరసింహరావు దివేటియా గుజరాతీలో దానికి చేసిన అనువాదమును ఆయన ఆశ్రమమున పాడుచుండెడివారు. ఆ గీతమున 'గ్యారిష్' స్థానమున 'గాడీ'ని పెట్టినచో భావము చెడును. అక్కడ కవి పశ్చాత్తాపపడుచున్నది అలంకారముల ఆధిక్యమును గూర్చి కాదు. లోపలి చిన్న దీపమును కనబడనీయని బయటి మిరుమిట్లను గూర్చి.

ఈ రెండు మాటలను ప్రకృతికి సయితము అన్వయింపవచ్చును. చిలుకను గాడీ అనవచ్చును, మధ్యాహ్నపు టెండను గ్యారిష్ అనవచ్చును. వాని యందు కపటము గాని పేదరికము గాని ఉన్నదని ఎవ్వరును అనుకొనరు. వేసవిలో మన వీథుల వెంబడి నిలువెల్ల ఎఱ్ఱబారు తురాయిచెట్టునకు ఇంగ్లీషున 'ఫ్లాంబాయంట్' అను పేరే కలదు. మంట యను అర్థముగల ఫ్రెంచి మాటనుండి వచ్చిన ఆ పదమున మెప్పే హెచ్చు. ఇక నేను చెప్పబోవు మాటలు పువ్వునకును పిట్టకును పొసగవు. మనుష్యుడు చేసిన వస్తువునకు, మనుష్యుని నడవడికి మాత్రమే అవి అంటును. ఒక పువ్వును చూపి ఈ మాట చెల్లునా యని అడిగి చూచుట మంచి పరీక్ష. సగము సందేహములు అక్కడనే తీరిపోవును.

'టాడ్రీ' కథ విషాదకరమైనది, కనుక కొంచెము విపులముగా చెప్పెదను. ఏడవ శతాబ్దమున తూర్పు ఇంగ్లండును ఏలిన రాజు కూతురు ఎథెల్‌డ్రెడా యను నామె రాణివాసము విడిచి, 673లో చిత్తడినేలల నడుమనున్న ఈలీ యను దీవిలో ఒక మఠము స్థాపించి, దానికి అధిపురాలై, ప్రార్థనలు చేయుచు జీవించి, 679లో మరణించినది. ఆమె అంత్యకాలమున మెడమీద ఒక వ్రణము లేచెననియు, బాల్యమున అహంకారముతో అనవసరమైన కంఠహారములు ధరించినందులకు ఈ బాధ తగిన ప్రాయశ్చిత్తమని ఆమె సంతోషముతో సహించెననియు, బీడ్ అను పూర్వచరిత్రకారుడు వ్రాసియున్నాడు. జనులు ఆమెను దేవతాస్త్రీగా కొలిచి, జనసామాన్యపు నోట పేరు మార్చి, సెయింట్ ఆడ్రీ యనిరి. ఆమె పేర అక్టోబరు 17వ తేదీన ఈలీలో సంత జరుగుచుండెడిది. ఆ సంతలో కన్నెపిల్లలు మెడకు కట్టుకొను సన్నని పట్టునాడాలు అమ్మెడివారు; వానికి 'సెయింట్ ఆడ్రీ లేసు' అని పేరు. పలుకగా పలుకగా 'సెయింట్' తుదినున్న టకారము 'ఆడ్రీ'కి అంటుకొని 'టాడ్రీ' అయినది. షేక్స్‌పియరు కాలమున ఆ నాడా ఇంకను ముచ్చటైన వస్తువే. అతని నాటకమున ఒక పల్లెపడుచు ప్రియుడు కొనిపెట్టెదనన్న అట్టి నాడాను గుర్తుచేసి గారాబముగా అడుగుచున్నది. తరువాత సరకు నాసిరకమైనది, రంగు నిలువకపోయినది, మెరుపు ఒక ఉతుకునకు రాలిపోయినది. పదునేడవ శతాబ్దము ముగియులోపల 'టాడ్రీ' యనగా చవకబారు తళుకునకు పేరైనది. నగలయెడల విరక్తి పూని ప్రాణములు విడిచిన తపస్విని పేరు నాసిరకపు అలంకారములకు నిలువవలసివచ్చుట నాకెప్పుడును బాధ కలిగించు విషయము.

ఈ కథ తెలిసినవాడు మాట వాడుకలో పొరబడడు. టాడ్రీ యనుటకు మూడు లక్షణములు కూడవలెను: వస్తువు మెరయవలెను, సరకు నాసి కావలెను, ఆ మెరుపు మాసియో రాలియో లోపలి నాసితనము బయటపడవలెను. మనవారు 'పైన పటారము, లోన లొటారము' అనుటలోని లొటారము కంటికి కనబడినప్పుడు ఈ మాట సరిగా సరిపోవును. మన పందిటిలోని దీపముల తీగలు గ్యారిష్, బంగారు స్తంభములు గాడీ. దారములు వేలాడు ఆ ప్లాస్టిక్ గులాబీలు మాత్రమే టాడ్రీ.

ఇందులకు ప్రతిగా కోటప్పకొండ ప్రభలను చూడుడు. మహాశివరాత్రినాడు నరసరావుపేట సమీపమున త్రికోటేశ్వరుని సన్నిధికి చుట్టుపట్ల ఊళ్లనుండి తరలివచ్చు ఆ ప్రభలు, కలపతోను వెదుళ్లతోను మేడలకంటె ఎత్తుగా కట్టి, రంగుల గుడ్డలతో, కాగితములతో, విద్యుద్దీపములతో పైనుండి క్రిందివరకు నింపినట్టివి. పట్టణపు అభిరుచి కలవాడు వానిని గాడీ యన్నచో నేను వాదింపను. ఆ మాటలోని సంబరము ప్రభకు తగినదే. టాడ్రీ యన్నచో ఒప్పుకొనను. ఊరంతయు కూడి చందాలు వేసికొని, రాత్రింబవళ్లు శ్రమపడి, తమ దేవునికై కట్టుకొనిన దానిలో మోసపు సరకు లేదు, మాసిన సిగ్గు లేదు. ఆ రంగులు దూరమునుండి, వేల జనసమూహముమీదుగా, రాత్రివేళ చూడవలసిన రంగులు. చదువుగదిలోని బల్లమీద చూడదగిన చిత్రమునకు పెట్టు కొలతను వానికి పెట్టుట తగదు.

వస్తువు నకిలీ యయినంతమాత్రమున నిందార్హము కాదనుటకు మరియొక ఉదాహరణము మన ఇంటనే కలదు. బందరు చెంత చిలకలపూడిలో తయారగు రోల్డుగోల్డు నగలు తెలియని తెలుగు ఇల్లాలుండదు. లోపల రాగియో ఇత్తడియో, పైన పలుచని బంగారుపూత. పనితనము మాత్రము అసలు నగకు తీసిపోదు. అమ్మువాడు దానిని గిల్టు అనియే చెప్పి అమ్మును, కొనునది గిల్టు అనియే తెలిసి కొనును. ఇంగ్లండున లండను గడియారపు పనివాడు క్రిస్టఫర్ పించ్‌బెక్, 1732లో మరణించినవాడు, రాగిని యశదముతో కలిపి బంగారపు ఛాయగల లోహమును తయారుచేసెను. అతని పేరే కాలక్రమమున నకిలీకి పర్యాయపద మయినది. బర్మింగుహాము ఊరి పేరు జనుల నోట 'బ్రమజెమ్' అయి, దొంగనాణెముల అపఖ్యాతి తోడై, పైపై మెరుగు సరకునకు గుర్తుగా నిలిచినది. శ్రమించి నేర్పుతో పనిచేసిన కంసాలుల ఊరికి ఒక తిట్టుమాటను అంటగట్టుట ఎంత సులభమో, దానిని తుడుచుట ఎంత కష్టమో ఈ రెండు మాటలవలన తెలియును. చిలకలపూడికి అట్టి గతి పట్టకుండుగాక.

గిల్టు నగను అసలు బంగారమని చెప్పి అమ్మినప్పుడు వేరొక మాట కావలసివచ్చును. అది 'మెరెట్రిషస్'. దీని రూపమును చూచి మోసపోరాదు. ప్రతిభావంతుని మెచ్చుకొను 'మెరిటోరియస్' అను మాటకు ఇది జ్ఞాతి; రెండింటికిని ఆర్జించుట యను అర్థముగల లాటిను ధాతువే మూలము. కాని ఒకటి యోగ్యతను ఆర్జించినదానికి పేరు కాగా, మరియొకటి దేహమమ్మి ఆర్జించు స్త్రీకి లాటినున నున్న పేరునుండి వచ్చినది. ధ్రువపత్రములలో ఒకదానికి బదులు మరియొకటి పడినచో ఎంత అనర్థమో చెప్పనక్కరలేదు. మన అమరకోశమున వేశ్యకుగల పర్యాయములలో 'రూపాజీవ' యను పద మున్నది. రూపమే జీవనాధారముగా గలది అని దాని వ్యుత్పత్తి. ఆ వృత్తిలోనికి నెట్టబడిన స్త్రీల దుఃఖమును తలచినప్పుడు ఈ మాటను నోటబెట్టుటకు నాకు మనసొప్పదు. అయినను భాషలో అది నిలిచిన అర్థము వేరు, ఆ అర్థమునకు మరియొక మాట లేదు. లోపల విలువ లేదని ఎరిగియుండియు, ఉన్నదని ఎదుటివానిని నమ్మించుటకై పూసిన మెరుపును మాత్రమే ఇది చెప్పును. కనుక దీనికి వస్తువులకంటె వాదములు, ఉపన్యాసములు, శైలులు ఎక్కువగా తగును. సమాసములు ఘంటానాదమువలె మ్రోగుచు, వాని వెనుక ఒక్క ఆలోచనయు లేని ప్రసంగము మెరెట్రిషస్. జాతరలో అయిదు రూపాయల పూసలదండ అమ్ము ముసలమ్మ సరకునకు ఈ మాట వాడుట మహాపాపము.

'ఆస్టెంటేషస్' మరియొక దారి. చూపుట యను అర్థముగల ధాతువునుండి వచ్చిన ఈ మాట వస్తువును అసలు తప్పుపట్టదు. బంగారు పళ్లెరము శుద్ధమైన బంగారమే కావచ్చును, పనితనము నిరుపమానమైనదే కావచ్చును. అతిథులు కనిపెట్టవలెనని దానిని పదిసార్లు ఎత్తి దించు చేతికే ఈ నింద చెందును. 1899లో అమెరికా ఆర్థికవేత్త థోర్‌స్టైన్ వెబ్లెన్, తీరికవర్గమును గూర్చి వ్రాసిన గ్రంథమున, ధనవంతులు సుఖముకొరకుగాక ఇతరులు చూచుటకొరకై చేయు వ్యయమును విమర్శించి, దానికొక పేరు పెట్టెను. ఆ విమర్శ అంతయు ఈ మాటకు భాష్యమువంటిది. మన 'ఆడంబరము', 'బడాయి', 'డాబు' అను మాటలకు సరిగా ఎదురు నిలుచునది ఇదొక్కటే. పందిటి వేదిక వెనుక ప్రముఖుల బిరుదావళి ఈ మాట క్రిందికి వచ్చును.

'ఫ్లాషీ' చులకనైన వాడుకమాట. కారులకు, కోటులకు చాలును. 'కిచ్' అనునది జర్మనుమాట. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున మ్యూనిక్ చిత్రవ్యాపారుల నోట వినవచ్చినది. 1939లో క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ వ్రాసిన వ్యాసముతో ఇంగ్లీషు విమర్శకులలో బాగుగా ప్రచారమునకు వచ్చినది. దీని నింద అనుభూతిమీద: కొనువానికి శ్రమ లేకుండ తయారుగా దొరకు భావోద్రేకము. లోపల చిన్న బల్బు పెట్టిన ప్లాస్టిక్ తాజ్‌మహలును గాజుబీరువాలో ఉంచి మీటనొక్కి చూచుకొనుటను కిచ్ అనవచ్చును. అయితే రవివర్మ 1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయమునుండి ఇంటింటికిని చేరిన లక్ష్మీ సరస్వతుల పటములను సయితము కొందరు విమర్శకులు ఈ గంపలోనే వేయుట నేను ఒప్పుకొనజాలను. పూజగదిలో ఆ పటము ఎదుట దీపము వెలిగించు స్త్రీ భక్తిని ఆ పటమునుండి తెచ్చుకొనలేదు. తన భక్తిని దానికి ఇచ్చుచున్నది. అనుభూతి ఆమె సొంతము. ఆ మాట అక్కడ పనిచేయదు.

మిగిలినది 'ట్యాకీ'. జిగురుగా అంటుకొను దానిని చెప్పు 'ట్యాకీ' వేరు. ఇది అమెరికా దక్షిణరాష్ట్రములలో నాసిజాతి గుఱ్ఱమునకు పేరుగా మొదలై, ఆపై పేద తెల్లవారిని ఎగతాళి చేయు మాటయై, తుదకు అభిరుచి లేమికి విశేషణమైనది. పుట్టుకలోనే ఇది పేదవానిని వెక్కిరించిన మాట. లాటినున సామాన్యజనమును చెప్పు పదమునుండి వచ్చిన 'వల్గర్' చరిత్రయు ఇట్టిదే. అభిరుచిని గూర్చిన నింద అనుకొనుచు మన మెన్నిమార్లు ఎదుటివాని ఆదాయమును, కులమును, ఊరిని నిందించుచున్నామో విచారింపవలెను. కూలి డబ్బు కూడబెట్టి కట్టుకొనిన ఇంటి గోడకు చిలకపచ్చ రంగు వేసికొనిన కాపును 'ట్యాకీ' అనుటకు ముందు, అతడు ఎన్నేండ్లు మట్టిగోడల నడుమ బ్రతికెనో తెలిసికొనవలెను. 'గాడీ' అనుట వరకు మనకు హక్కున్నది. దానిని దాటినచో, గోడను విడిచి మనిషిపై చేయి వేసినట్లగును.

కళాశాలలలో ఇంగ్లీషు బోధించు మిత్రులకు నాదొక మనవి. ఈ మాటలను పర్యాయపదముల పట్టికగా వ్రాయించి కంఠస్థము చేయింపకుడు. ఒక తరగతిని సంతకు తీసికొనిపొండు, లేదా సంతలోని వస్తువులను తరగతికి తెప్పింపుడు. ఒక గిల్టు గొలుసు, ఒక కాగితపుపూల దండ, ఒక ఎన్నికల ఉపన్యాసపు ప్రతి బల్లమీద పెట్టి, ఏది దేనికి చెందునో, ఎందులకు చెందదో పిల్లలచేతనే చెప్పింపుడు. పత్రికలకును ప్రకటనలకును ఇంగ్లీషున వ్రాయు యువకులు, ఇతరుల ఇంటిమీదనో పెండ్లిమీదనో ఈ మాటలలో ఒకటి వ్రాయబోవునప్పుడు, తప్పు రంగుదా, సరకుదా, ఉద్దేశముదా యని ఒక నిమిషము కలము ఆపి చూచుకొనుడు. మూడింటిలో ఏదియు తేలనప్పుడు ఆ విశేషణమును కొట్టివేసి, చూచినది చూచినట్లు వ్రాయుడు.